లెక్కలో లేని తీగ

జనవరి 3, 1983. సోమవారం

ఈ డైరీ ఎవరో కేబుల్ కంపెనీవాళ్లు ఆఫీసుకి పంచిపెట్టినది. మగ ఇంజినీర్లందరికీ ఇచ్చాక ఒకటి మిగిలితే మా పై ఇంజినీరు భీమశంకర్ గారు నా బల్ల మీద పెట్టారు. మిగిలిందే కావచ్చు, కాగితం మాత్రం మంచిది.

కొత్త సంవత్సరం కాబట్టి ఒక మంచి మాటతో మొదలుపెడతాను. పర్సుడీహ్ కార్మికుల సొసైటీ కాలనీ రిపోర్టు అట్ట మీద నా పేరు ఉంది. తయారుచేసినవారు కె. కుసుమకుమారి. ఈ ఆఫీసులో చేరి నాలుగేళ్లయింది, అట్ట మీదకి ఎక్కడం ఇదే మొదలు. ఆ రిపోర్టు ప్రకారమే నవంబరులో కొత్త లైను లాగారు. అరవై ఇళ్లు, సగానికి పైగా శ్రీకాకుళం నుంచి ఫ్యాక్టరీ పనికొచ్చినవాళ్లవే, పదకొండు స్తంభాలు. సాయంత్రం అందరూ దీపాలు వేస్తే చివరి స్తంభం దగ్గర ఎన్ని వోల్టులు మిగులుతాయో నా ప్రోగ్రాం నాలుగు నిమిషాల్లో చెబుతుంది. చేత్తో చేస్తే పదిహేను రోజులు, ఒక జ్వరం.

భీమశంకర్ గారికి అన్నిటికంటే నచ్చింది న్యూట్రల్ సంగతి. కరెంటు తెచ్చే ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజుల మీదా తలా ఇరవై ఇళ్లు. మూడూ సమానం కాబట్టి తిరుగు తీగలో, అంటే న్యూట్రల్‌లో, కరెంటు సున్నా. సున్నాని మోసే తీగకి లావెందుకు? సగం సైజు చాలని రాశాను. ప్రోగ్రాంలో అయితే దాన్ని పెట్టనే లేదు, ప్రోగ్రాం ఎక్కించే చిల్లుల కార్డులు బోలెడు కలిసొచ్చాయి. "మన కంప్యూటరమ్మ అల్యూమినియం మిగిల్చింది" అని ఆయన అందరి ముందూ అన్నారు.

అమ్మ మాత్రం, "ఊరందరి కరెంటూ లెక్క కడతావు, మనింట్లో ఫ్యూజు పోతే పక్కింటి బలరామ్‌ని పిలవాలి" అంది.

లైన్ బాగానే నడుస్తోంది. అక్కడి లైన్‌మన్ అసిరయ్య డిసెంబరులో ఒకసారి ఆఫీసుకి వచ్చాడు. ఏదో చెప్పి, టీ తాగి వెళ్లాడు.

జనవరి 6

కార్డుల కట్ట రిక్షాలోంచి జారి బిష్టుపూర్ నడిబజారులో పరుచుకుంది. మూడువందల పన్నెండు కార్డులు. బట్టల కొట్టు సర్దార్జీ, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఏరిపెట్టారు. ఒకటి తక్కువ వచ్చింది. ఏ కార్డో ఇంకా తెలియలేదు.

జనవరి 11, మంగళవారం

పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకి ఫోను. పర్సుడీహ్ కాలనీలో తెల్లవారుజామున ప్రమాదం. భీమశంకర్ గారు, నేను కారులో వెళ్లాం.

సగం ఇళ్లలో బల్బులు పేలిపోయి గాజుపెంకులు నేల మీద ఉన్నాయి. ఒకింట్లో రేడియో నల్లగా మాడింది. మిగతా ఇళ్లవాళ్లు మాత్రం తమ బల్బు పేలలేదు, ఎర్రగా కందిపోయి ఆరిపోబోయినట్టు వెలిగిందన్నారు. ఇది చూడగానే నాకు అర్థమైంది. ఎలక్ట్రికల్ చదివినవాళ్లెవరికైనా అర్థమవుతుంది. న్యూట్రల్ తెగితే ఇలాగే ఉంటుంది.

ఏడో స్తంభం మీద న్యూట్రల్ జాయింటు కాలి ఊడిపోయింది. అసిరయ్య అప్పటికే పైకెక్కి తాత్కాలికంగా కట్టేశాడు. కిందికి దిగి మాకు నమస్కారం పెట్టాడు. సంచిలో సర్దిన పనిముట్లు తీసి మళ్లీ సర్దాడు. యాభై ఏళ్ల మనిషి, ఇరవై ఏళ్లుగా స్తంభాలెక్కుతున్నవాడు, ఇవాళ ఇంత కంగారెందుకా అనుకున్నాను.

దెబ్బ తగిలింది అతని సొంత వదినకే. పేరు దాలమ్మ. కరెంటు హీటరు మీద అన్నం వండుతూ గిన్నె ముట్టుకుంది. షాకు కొట్టి చెయ్యి గిన్నెకి అతుక్కుపోయింది, గంజి మీద ఒలికింది. కుడిచెయ్యి మణికట్టు దాకా కాలింది. ఆస్పత్రిలో ఉంది. సొసైటీ సెక్రెటరీ పెదవి విరిచి, "స్విచ్ బంద్ నహీ కియా హోగా" అన్నాడు. స్విచ్ ఆపకుండానే ముట్టుకుని ఉంటుందట. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు.

భీమశంకర్ గారు కాలిన జాయింటుని చేతిలో తిప్పి చూశారు. "లూజు జాయింటు" అన్నారు.

అవును. లూజు జాయింటు.

జనవరి 12

జాయింటు లూజు. అది లైన్‌మన్ పని. బాగా నిద్రపట్టింది.

జనవరి 13, గురువారం

"మన లైను, మన లెక్క. ప్రమాదం రిపోర్టు కూడా నువ్వే రాయమ్మా" అన్నారు భీమశంకర్ గారు. ముప్పయ్యో తారీఖు ఆదివారం సొసైటీ మీటింగట. అసిరయ్యని ఉంచాలో ఉద్యోగంలోంచి తీసెయ్యాలో ఆ రోజు తేలుస్తారు. అంతదాకా డ్యూటీకి రావద్దన్నారు. తీసేస్తే క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలి.

మొదటి పేజీ రాశాను. "ఏడవ స్తంభం వద్ద న్యూట్రల్ జాయింటు సరిగా బిగించకపోవడం వలన." ఇందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు.

డిసెంబరులో అతను వచ్చినప్పుడు టీ తాగి వెళ్లాడు, అంతే.

జనవరి 14, శుక్రవారం

సంక్రాంతి, ఆఫీసుకి సెలవు. ఖర్కాయి ఏటి ఒడ్డున జరిగే టుసూ పండగ పాటలు మా వీధిలోనూ వినిపిస్తున్నాయి, ఎవరో బస్సులో పాడుకుంటూ అక్కడికి పోతున్నారు. అమ్మ పరమాన్నం చేసింది. కొంచెం గిన్నెలో పెట్టించుకుని ఆస్పత్రికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. రిపోర్టు కోసం వివరాలు కావాలి కదా, అందుకు.

దాలమ్మకి నలభై అయిదు ఉంటాయి. చేతికి కట్టు, భుజం దాకా. నన్ను చూసి లేవబోయింది. కంప్యూటర్ మేడమ్ అని అసిరయ్య ముందే చెప్పాడట.

"కట్టేసినాకే ముట్టుకున్నానమ్మా" అంది, నేను ఏమీ అడగకముందే. "అన్నం ఉడుకుతుంటే బలుపు కందిపోనాది. హీటరు సల్లబడిపోతంది. సర్లే, ఈయనకి డ్యూటీకి టైమైపోతంది, పొయ్యి ఎలిగిద్దామని సుచ్చి కట్టేసినాను. తడి మసిగుడ్డెట్టి గిన్నె దించబోనాను. అందరూ కట్టలేదంతన్నారు. సెక్రెటరీ బాబు అన్నాడు, మా ఆయన కూడా అన్నాడు. నాకు పిచ్చేటమ్మా?"

నేను పరమాన్నం గిన్నె బల్ల మీద పెట్టాను.

"సుచ్చి కట్టేత్తే కరెంటు ఎలాగొచ్చాదమ్మా? నువ్వు సదువుకున్నావు గదా, సెప్పు."

నాకు తెలుసు. స్విచ్ ఆపేది ఫేజు తీగని మాత్రమే. న్యూట్రల్‌కి స్విచ్ ఉండదు, అది హీటరు తీగచుట్టకి, అంటే కాయిల్‌కి, ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. పైన స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే, ఆ మంచి తీగే మిగతా ఇళ్ల కరెంటుని వెనక దారిన మోసుకొస్తుంది. స్విచ్ ఆపినా ఆ చుట్ట మీద కూర్చున్న గిన్నెలో కరెంటు ఉంటుంది. ఆమె చెప్పింది ప్రతి ముక్కా నిజం.

"తెలియదమ్మా" అన్నాను.

జనవరి 15

ఏమీ లేదు.

జనవరి 17, సోమవారం

జాయింటు లూజు. కానీ నవంబరులో బిగించిన జాయింటు జనవరికి ఎందుకు లూజవుతుంది? అది వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారితేనే వదులవుతుంది. వేడెక్కాలంటే కరెంటు పారాలి. సున్నా పారే తీగ ఎందుకు వేడెక్కుతుంది?

ఈ ప్రశ్న రిపోర్టులో అక్కరలేదు. నన్నెవరూ అడగలేదు.

రాత్రి భోజనాల దగ్గర అమ్మ ఏదో మాటకి, "ఈ బారిడీహ్‌లో నాలుగున్నరకి లేచి స్టవ్ అంటించబోతే దీపం మసకేసిపోతుందే. ఇంటింటా హీటర్లే కదా, ఆరింటి షిఫ్టు మగాళ్లకి క్యారేజీలు సర్దాలి. వీధి వీధంతా ఒక్కసారే ఎసరు పెడతారు" అంది.

"అందరూ ఒకేసారి వాడరమ్మా. నూటికి నలభై మందే వాడతారని పుస్తకంలో ఉంది" అన్నాను.

"ఆ పుస్తకం రాసినాయన ఆరింటి షిఫ్టుకి వెళ్లేవాడా?"

నేను విసుక్కుని కంచం ముందు నుంచి లేచిపోయాను. అమ్మ, "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నిన్నేమన్నానే ఇప్పుడు" అంది.

జనవరి 19, బుధవారం

పొద్దున మూడున్నరకి బలరామ్ గారి స్కూటర్ వెనక కూర్చుని పర్సుడీహ్ వెళ్లాను. అమ్మ శాలువా కప్పి పంపింది. చేతిలో ఆఫీసు టాంగ్ టెస్టరు. తీగని కోయకుండా, దాని చుట్టూ పట్టుకారులా పెడితే అందులో ఎంత కరెంటు పారుతోందో ముల్లు చూపిస్తుంది.

ఏడో స్తంభం కింద అసిరయ్య ఉన్నాడు. డ్యూటీ లేదు కదా, ఎందుకొచ్చావంటే, "జాయింటుకి కాపలా అమ్మా. మళ్లీ ఎవలికేనా ఏటైనా అయితే?" అన్నాడు. రోజూ వస్తున్నాడట.

స్తంభమెక్కి తనే టెస్టరు పెట్టాడు. కింద నేను పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. నాలుగుంబావు దాకా ముల్లు పెద్దగా కదల్లేదు. తరవాత ఒక్కొక్క కిటికీలో వెలుగు వచ్చింది. నాలుగున్నరకి అసిరయ్య పైనుంచి అంకెలు చెప్పాడు. ఎరుపు నూట అరవై ఆంపియర్లు. పసుపు నలభై. నీలం ముప్పై అయిదు.

"న్యూట్రల్?"

"నూట ఇరవై రెండమ్మా."

మళ్లీ చూడమన్నాను. మళ్లీ అదే చెప్పాడు. ఎనభై దాటి మోయలేని సగం తీగలో నూట ఇరవై రెండు. నా కాగితం మీద సున్నా.

కానీ ఫేజుకి ఇరవై ఇళ్లయితే ఎరుపులో ఒక్కదాంట్లోనే అంత ఎందుకుంటుంది? అతను కిందికి దిగాక అదే అడిగాను. చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"మనోళ్లందర్నీ ఎరుపు మీద ఏసేసినానమ్మా. ఒకేపాలి కాదు. రోజుకి ఒకటీ రెండిళ్లూ మార్సినాను."

"ఎందుకు?"

"నీళ్ల పంపు ఎరుపు మీదుందమ్మా. ఆ లైను పోతే సెక్రెటరీ బాబింట్లో నీళ్లుండవు, ముందు అదే బాగుసేయిత్తారు. దాలమ్మ వదినిల్లు కూడా దాని మీదే పడింది. పక్కింటి సన్యాసమ్మకి సీకటుంటే ఈయమ్మకి ఎలుగుండేది. నీ మరిది లైన్‌మేను గాబట్టి నీ ఒక్కదానికే ఎలుగేయించుకున్నావని ఆడోళ్లు ఒకటే మాటలు. పేరంటానికి పిలిసినా రావడం మానేసినారు. వదిన నా కాడికొచ్చి ఏడ్సింది. ఒరే, ఎలుగైతే అందరికీ ఎలుగు, సీకటైతే అందరికీ సీకటి, అలాగ సెయ్యి, నాకీ ఎలుగొద్దు అంది. శ్రీకాకుళం ఇళ్లు ముప్పై ఎనిమిదీ ఎరుపుకి తెచ్చీసినాను."

ఎంత హాయిగా అనిపించిందో ఇక్కడ దాచుకోకుండా రాసుకోవాలి. అమ్మయ్య అనుకున్నాను. తప్పు నాది కాదు. నేను ఇరవైలు ఇస్తే ఇతను ముప్పై ఎనిమిది చేశాడు.

"ఇది రిపోర్టులో రాయాల్సొస్తుంది అసిరయ్యా."

"రాసుకోండమ్మా. నేనే మార్సినాను. వదిన అడిగిందని మాత్రం రాయకండి. తన సెయ్యి తనే కాల్సుకుందంటారు. ఆ మాట పడితే ఆవిడ బతకదు."

స్కూటర్ మీద తిరిగి వస్తుంటే చలికి కళ్లలో నీళ్లు వచ్చాయి. చలికే.

జనవరి 20

అతను మార్చాడు. నేను సగం తీగ వేయించాను. అతను మార్చాడు. అతను మార్చకపోతే ఏమీ అయ్యేది కాదు.

అయ్యేది కాదని నాకెలా తెలుసు? లెక్క కట్టలేదు.

జనవరి 23, ఆదివారం

ప్రోగ్రాం మొదటి నుంచి రాస్తున్నాను. ఈసారి నాలుగు తీగలు. న్యూట్రల్‌కి కూడా స్తంభం స్తంభానికీ ఒక కార్డు. ఏ ఇల్లు ఏ ఫేజు మీద ఉందో కావాలి, సొసైటీ దగ్గర ఆ పట్టిక లేదు. అసిరయ్యని ఇంటికి రమ్మన్నాను.

వరండాలో అమ్మ ఇచ్చిన టీ పక్కన పెట్టుకుని కళ్లు మూసుకుని చెప్పాడు. ఇంటి నంబర్లు తెలియవు, ఆడవాళ్ల పేర్లు తెలుసు. "మూడో స్తంభం. సిలకమ్మ ఎరుపు, పెద్ద హీటరు. రత్నం ఎరుపు, సిన్న హీటరు, ఇప్పుడు పుట్టింటికెళ్లింది. ఒడియా మేస్త్రీ ఇల్లు నీలం. బంగార్రాజు పెళ్లాం ఎరుపు, రెండు హీటర్లు, ఎవలికీ సెప్పదు." అరవై ఇళ్లూ ఒక్కటి తప్పకుండా చెప్పాడు. ఎవరు ఏ షిఫ్టో, ఎవరింట్లో వేణ్నీళ్లు కాస్తారో, అన్నీ. ఈ మనిషిని నవంబరుకి ముందు ఒక్క గంట కూర్చోబెట్టి అడిగి ఉంటే సరిపోయేది. ఇన్నేళ్ల చదువుకి నాకది తట్టలేదు.

అతను వెళ్లాక అమ్మ గ్లాసు తీస్తూ, "ఈయనేనా నువ్వు ఉద్యోగం తీయించేది?" అంది.

"నేను తీయించడం లేదమ్మా. సొసైటీ."

"అలాగే."

జనవరి 25, మంగళవారం

కంప్యూటర్ సెంటర్‌లో ఉదయం నుంచి సాయంత్రం దాకా. మొదటి రెండుసార్లూ తప్పులే, ఒక కామా ఎక్కువైంది, ఒక కార్డు తిరగబడింది. మూడోసారి కాగితం బయటికి వచ్చింది. అందులోంచి ఇక్కడికి ఎక్కించుకుంటున్నాను, మళ్లీ నాకు నేను అబద్ధం చెప్పుకోకుండా.

అసిరయ్య మార్చిన ఇళ్లు, నా సగం తీగ: న్యూట్రల్‌లో నూట ఇరవై. మోయలేదు.

అసిరయ్య మార్చిన ఇళ్లు, పూర్తి లావు తీగ: అదే కరెంటు, కానీ మోస్తుంది. జాయింటు వేడెక్కదు.

ఇళ్లు తలా ఇరవై, నా సగం తీగ: ముప్పై. మోస్తుంది.

అంటే మా ఇద్దరిలో ఏ ఒక్కరు తప్పు చేయకపోయినా ఆ చెయ్యి కాలేది కాదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ సరిగ్గా చెరి సగం.

చివరగా ఏడో స్తంభం దగ్గర న్యూట్రల్ తెగినట్టు కార్డు మార్చి నడిపించాను. దాలమ్మ ఇల్లు ఎనిమిదో స్తంభం. స్విచ్ ఆపిన హీటరు చుట్ట మీద నూట ఇరవై వోల్టులు. ఆ అంకె కింద గీత గీశాను. ఆమె స్విచ్ ఆపిందని ఊళ్లో నమ్మిన మొదటి మనిషి ఈ యంత్రమే, అది కూడా పద్నాలుగు రోజుల తరవాత. నాకు ముందే తెలుసు, నా సంగతి వేరు.

జనవరి 28, శుక్రవారం

రిపోర్టుకి రెండో భాగం కలిపి ఇచ్చాను. దాలమ్మ అడిగిందన్నది రాయలేదు. మిగతాదంతా రాశాను, సగం తీగ సిఫార్సుతో సహా.

భీమశంకర్ గారు రెండుసార్లు చదివారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"జాయింటు లూజన్నది అబద్ధమా కుసుమా?"

"కాదు సార్."

"మరి అది చాలుగా. వాళ్లడిగింది ప్రమాదం ఎలా జరిగిందని. తీగ ఎందుకు సన్నగా ఉందని కాదు. ఇది బయటికి వెళ్తే మనకి ఇంకో కాలనీ ఇవ్వరు. ఇద్దరం కలిసే సంతకం పెట్టాం, కానీ అట్ట మీద పేరు నీది. ఒక ఆడపిల్ల కంప్యూటర్‌తో లెక్కకట్టి కాల్చిపెట్టిందంటారు. పదేళ్లు అదే అంటారు. నీ మంచికే చెబుతున్నాను, రెండో భాగం తీసెయ్యి."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఏదీ లేదు. అందుకే ఇంత కష్టంగా ఉంది.

జనవరి 29

తీసేశాను.

జనవరి 30, ఆదివారం

రాయాలి. చెయ్యి ఆగేలోపు రాయాలి.

కాలనీ మధ్య షామియానా, కుర్చీలు. ముందు వరసలో సెక్రెటరీ, భీమశంకర్ గారు, నేను. ఆడవాళ్లు వెనక చాపల మీద. దాలమ్మ కట్టుతో వచ్చింది, పక్కనే ఆమె భర్త. ఆ చేతిలో రెండు వేళ్లు ఇక వంగవట, డాక్టరు చెప్పారట. రిపోర్టు మొదటి భాగం సెక్రెటరీ హిందీలోకి మార్చి చదివాడు. జాయింటు సరిగా బిగించకపోవడం వలన. తరవాత అసిరయ్యని లేపారు.

అసిరయ్య చేతులు కట్టుకుని అంతా ఒప్పుకున్నాడు. ఇళ్లు మార్చింది తనే, ఎవరూ అడగలేదు, మనోళ్లని తన ఇష్టం కొద్దీ మార్చాడు. జాయింటూ తనే కట్టాడు. వెనక దాలమ్మ తల దించుకుంది.

సెక్రెటరీ, "అంత కరెంటు పారితే జాయింటు ముందే వేడెక్కాలి కదా. నువ్వు చూడలేదా?" అన్నాడు.

"సూసినాను బాబూ."

"చూసి ఎవరికీ చెప్పలేదా?"

అసిరయ్య నా వైపు చూడలేదు. చూస్తాడని నేను కుర్చీలో బిగుసుకుపోయాను. అతను నేల వైపే చూశాడు.

"సెప్పలేదు బాబూ" అన్నాడు.

ఈ డైరీలో డిసెంబరు గురించి రెండుసార్లు రాశాను. టీ తాగి వెళ్లాడని. టీకి ముందు ఏం జరిగిందో ఒక్కసారీ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

డిసెంబరు రెండో వారంలో అసిరయ్య పర్సుడీహ్ నుంచి ఆఫీసుకి సైకిల్ మీద వచ్చాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి నా బల్ల మీద విప్పాడు. కరిగి చదునైన మైనం ముద్ద. "జాయింటు మీద ఎట్టినానమ్మా. తెల్లారేసరికి కారిపోనాది. ఆ తీగ సన్నంగుంది, లావుది ఎయ్యాల" అన్నాడు. లైన్‌మన్లు జాయింటు వేడి చూసేది అలాగేనట. నేను నవ్వాను. న్యూట్రల్‌లో సున్నా కరెంటు అసిరయ్యా, సున్నాకి మైనం కరగదు, ఎండకి కరిగి ఉంటుంది అన్నాను. పక్క బల్లలవాళ్లు కూడా నవ్వారు.

"నాలుగున్నరకి ఎండేటమ్మా" అన్నాడు.

నేను టీ తెప్పించాను. అదీ ఆ టీ.

ఇళ్లు మార్చిన సంగతి ఆ రోజు అతను చెప్పలేదు, నిజమే. నేను కూడా అడగలేదు. ఎందుకు వేడెక్కిందని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాడేమో.

లేచి నిలబడ్డాను. భీమశంకర్ గారు నెమ్మదిగా, "కుసుమా" అన్నారు.

"చెప్పాడు" అన్నాను. హిందీ రాలేదు నోటికి, తెలుగులోనే అన్నాను. "నెల ముందే చెప్పాడు. నాకు చెప్పాడు. నేనే వినలేదు. సగం తీగ చాలని రాసింది కూడా నేనే." తరవాత హిందీలో మళ్లీ చెప్పాను. సంచిలోంచి రెండో భాగం తీశాను. తీసేశానని నిన్న రాసుకున్నాను, కానీ చించెయ్యలేదు, సంచిలోనే పెట్టుకుని వచ్చాను. ఎందుకు తెచ్చానో అప్పటిదాకా నాకూ తెలియదు.

అప్పుడు వెనక్కి తిరిగి దాలమ్మకి జవాబు చెప్పాను. ఆమె అడిగి పదహారు రోజులైంది. "నువ్వు స్విచ్ ఆపావమ్మా. ఆపినా కరెంటు వస్తుంది. రెండో తీగలోంచి వచ్చింది. ఆ తీగని నేను లెక్కలో పెట్టలేదు."

దాలమ్మ పక్కనున్న భర్త వైపు తిరిగి, "ఇన్నావా?" అంది. అంతే అంది. తరవాత ఎడంచేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

జనవరి 31

సొసైటీవాళ్లు అసిరయ్యని తీసెయ్యలేదు. నెల రోజులు సస్పెన్షను, ఇంకెప్పుడూ చెప్పకుండా ఇళ్లు మార్చనని కాగితం. పూర్తి లావు న్యూట్రల్ మా ఆఫీసు వేయించాలి.

నిన్న తిరుగు దారిలో భీమశంకర్ గారు కారులో ఒక్క మాటే అన్నారు. "చెప్పడం మంచిదే. నాకు ముందు చెప్పి ఉండాల్సింది." నిజమే. ఆయనకి కూడా టీ కథే చెప్పాను.

ఈ రోజు కొత్త కాలనీ పని ఇంకో ఇంజినీరుకి ఇచ్చారు. ప్రోగ్రాం నాదే, అట్ట మీద పేరు ఆ ఇంజినీరుది. కాసేపు బాత్‌రూమ్‌లో ఏడ్చాను. తరవాత వెళ్లి ఆయనకి నాలుగు తీగల కార్డులు ఎలా పెట్టాలో చూపించాను.

మార్చి 3, గురువారం

చాలా రోజులకి తెరిచాను. తీగ వేశారు. ఇళ్లు మళ్లీ పంచాలంటే పెద్ద గొడవే అయింది. పసుపుకి వెళ్లమంటే చిలకమ్మ ఒప్పుకోలేదు, సన్యాసమ్మ అలిగింది. చివరికి దాలమ్మే ముందు తన ఇల్లు నీలానికి మార్పించుకుంది. ఆ తరవాత ఎవరికీ మాట్లాడే వీల్లేకపోయింది. అందర్నీ ఒకే ఫేజు మీదకి తెమ్మన్న ఆ మొదటి కోరిక ఎవరిదో ఈ పుస్తకం దాటి వెళ్లదు.

ఈ రోజు సాయంత్రం అసిరయ్య గారు ఆఫీసుకి వచ్చారు. డ్యూటీలో చేరి మూడు రోజులైందట. జేబులోంచి పొట్లం తీసి నా బల్ల మీద విప్పారు. గోళీకాయంత మైనం ముద్ద, గుండ్రంగా, ఆయన వేలిముద్ర అలాగే ఉంది.

"మూడు పొద్దులు ఎట్టి సూసినానమ్మా. కరగలేదు."

పక్క బల్లలవాళ్లు ఎవరూ నవ్వలేదు. కుర్చీ లాగి కూర్చోమన్నాను. ఇంకేమైనా చూశారా అని అడిగాను. నాలుగో స్తంభం దగ్గర ఇన్సులేటరు చిట్లిందని, బంగార్రాజు పెళ్లాం మూడో హీటరు కొన్నదని చెప్పారు.

రెండూ కాగితం మీద రాసుకున్నాను. ఆ తరవాతే టీ తెప్పించాను.